మూడో మంచం టిక్కులు

ఐసీయూలో మూడో మంచం. పడుకున్నది ప్లంబరు. కాళ్ళవైపు చీటీ పట్టుకుని నిలబడ్డది బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ చేసే అతని భార్య. మందుల బండి వెనక ఉన్నది ఆవిడ చెల్లెలు, ఆ గదిలో నర్సు. చుట్టాల చూపులకిచ్చిన టైము పావుగంట.

“దొంగలే మీరు! ఈ గదిలో చీటీ మీద పెన్ను పెట్టిన ప్రతివాళ్ళూ దొంగలే! సంతకాలు గీకి గీకి మనిషిని పాడు చేస్తున్నారు. ఎవరిదే ఈ సంతకం? చెప్పు, ఎవరిది?”

“అక్కా, మెల్లగా. ఇది ఐసీయూ.”

“ఐసీయూ అని నాకూ తెలుసు, తలుపు మీద నా తలకాయంత అక్షరాలు రాశారు. సంతకం ఎవరిదని అడిగాను.”

“నాదే. ముందు ఆ చీటీ మంచానికి తగిలించు. అది చుట్టాలు చదివేది కాదు.”

“చుట్టాలు చదివేది కాకపోతే చుట్టాలు రాసేదా? నేను ఆయన పెళ్ళాన్ని, నువ్వు ఆయన మరదలివి. చదువుతా, విను. ‘యూరిన్ ట్యూబు లోపలికెళ్ళే చోట శుభ్రంగా ఉంది’, టిక్కు. ‘ట్యూబు మెలిక పడలేదు’, టిక్కు. ‘సంచి నడుము కన్నా కిందుగా వేలాడుతోంది’, టిక్కు. ‘ట్యూబు ఇంకా అవసరమా’, అవును. ఆరు రోజులుగా ఇదే. ఆరు రోజులూ ఒకే పెన్ను, ఒకే వంపు.”

“ఒకే మనిషి పెడితే ఒకే వంపు ఉండదా?”

“ఉండదే! ఫ్యాక్టరీలో చొక్కాల మీద పాస్ ముద్ర వేసేదాన్ని నేను. చొక్కా తిప్పి చూసి వేసిన ముద్ర ఎలా ఉంటుందో, కట్ట విప్పకుండా టపటపా కొట్టుకుంటూ పోయిన ముద్ర ఎలా ఉంటుందో నాకు తెలీదా? చూసి పెట్టినవి ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి. ఇవి చూడు, కవాతు చేస్తున్నాయి.”

“ఒసేయ్, పాపం దాన్ని వదిలెయ్యవే. నాకేం బాధ లేదు.”

“నువ్వు ఆగవయ్యా. నీ వంతు వస్తుంది. నీ చెయ్యి ఎందుకలా కాలిపోతోంది?”

“దుప్పటి మందంగా ఉంది.”

“మరి పళ్ళెందుకు టకటకలాడుతున్నాయి?”

“ఏసీ.”

“దుప్పటికి వేడి, ఏసీకి చలి. రెండూ ఒకేసారి?”

“రెండూ గదిలో ఉన్నాయి కదే.”

“ఏమే చెల్లీ, జ్వరం ఎంత?”

“మధ్యాహ్నం తొంభై తొమ్మిది.”

“మధ్యాహ్నం సంగతి మధ్యాహ్నం అడుగుతా. ఇప్పుడెంత?”

“చూస్తానుండు. బావా, చెయ్యెత్తు. ఇంకాస్త. ఊఁ, ఇక దించు.”

“ఎంతే?”

“నూట ఒకటి... పాయింట్ ఎనిమిది.”

“ఇప్పుడెందుకు ముఖం తెల్లబోయింది? నేను లోపలికొస్తుంటే ఆయమ్మ తలుపు దగ్గరే చెప్పింది. ‘మీ ఆయన సంచి నేనే ఖాళీ చేస్తున్నానమ్మా, నిన్నట్నుంచి సున్నం కలిపిన నీళ్ళలా వస్తోంది, వాసన కూడా తేడాగా ఉంది’ అంది. నీకూ చెప్పిందట.”

“చెప్పింది. నీళ్ళు తక్కువ తాగాడేమో అనుకున్నా.”

“అనుకున్నావు. చూశావా?”

“రోజూ చూస్తాం అక్కా.”

“‘చూస్తాం’ వద్దు. ‘చూశాను’ అను.”

“ఎనిమిది మంచాలకి ఇద్దరం. మంచానికి పదకొండు కాగితాలు. కాగితం నింపకపోతే మెమో ఇస్తారు, తెలుసా? దుప్పటి ఎత్తి చూశావా అని మాత్రం ఏ ఒక్కడూ—”

“‘చూశాను’ అను.”

“అక్కా, ఆయన మా బావే!”

“అయితే?”

“అయితే అంటే? దుప్పటి ఎత్తమంటావా నన్ను?”

“నేనూ వద్దన్నాలే.”

“ఏమయ్యా, నువ్వేమన్నావు?”

“వద్దన్నా. నాకు తెలివొచ్చిన రోజు ఈ పొట్టిది గ్లౌజులు తొడుక్కుని వచ్చింది. వచ్చి కళ్ళు గట్టిగా మూసుకుంది.”

“మూసుకోలేదు బావా!”

“మూసుకున్నావు పొట్టీ. కళ్ళు మూసుకుని ‘బావా, ఎలా ఉంది?’ అన్నావు. నేను ‘బ్రహ్మాండంగా ఉంది’ అన్నా. టిక్కు పెట్టుకుని పారిపోయావు.”

“ఒక్కసారేనా ఈ భాగోతం?”

“రోజూనే. అది ‘బావా?’ అంటుంది. నేను ‘బ్రహ్మాండం’ అంటా. ఇద్దరికీ హాయి.”

“హాయా! తెలివి రాకముందు రెండ్రోజులు ఎవరన్నారే ‘బ్రహ్మాండం’? మిషనా?”

“అప్పుడు... అప్పుడు నైటు డ్యూటీ వాళ్ళు చూసుంటారు అనుకున్నా.”

“వాళ్ళు నువ్వు చూసుంటావనుకుని ఉంటారు. పదిహేనేళ్ళుగా ఇంట్లో మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు నోటికొచ్చినట్టు ఆడిపోసుకుంటుంటే నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆయన నిన్ను పొట్టిదంటాడు, నువ్వు ఆయన్ని బట్టతల అంటావు. ఇక్కడికొచ్చాక మాత్రం సిగ్గు పుట్టుకొచ్చిందా?”

“నోటి మాట వేరు అక్కా.”

“నోటికి దుప్పటి లేదు కదే.”

“నువ్వు నోరుముయ్యవయ్యా! ఏమే, ఇంకొకళ్ళకి మార్చుకోవచ్చుగా ఈ మంచం?”

“అడిగాను. ‘సొంతమనిషి కదా, ఇంకా శ్రద్ధగా చూసుకుంటావు’ అంది ఇన్‌ఛార్జి మేడమ్.”

“నువ్వేమన్నావు?”

“అవును మేడమ్ అన్నా.”

“పక్క హాల్లో మగ నర్సు ఉన్నాడుగా, ఆ మీసాలాయన. రోజుకొక్కసారి ఆయన్ని పిలిస్తే ఏం పోయింది?”

“ఆ మీసాల బ్రదర్‌ని పిలిస్తే నా రిటైర్మెంటు దాకా ఏడిపిస్తాడు అక్కా. క్యాంటీన్లో కూచోనివ్వడు.”

“నిన్ను క్యాంటీన్లో కూచోబెట్టడానికి మీ బావ జ్వరంతో పడుకోవాలా? సరే, అది అలా ఉంచు. సంచేది?”

“ఏ సంచి?”

“‘నడుము కన్నా కిందుగా’ అని టిక్కు కొట్టిన సంచి. ఈ పక్క చూశా, లేదు. ఆ పక్కా లేదు. మంచం కిందా లేదు. ఏమయ్యా, నీ సంచేదీ?”

“ఉంది.”

“ఎక్కడ?”

“దగ్గర్లోనే ఉంది.”

“ఆ దుప్పటి కింద గుట్టేంటి?”

“దిండు.”

“దిండు గుడగుడమంటోందే!”

“బావా! సంచి మంచం మీద పెట్టుకున్నావా? పొట్ట పక్కనా?”

“అరవకు పొట్టీ. ఒక్క చూపుల టైములోనే. నా దగ్గర పనిచేసే వాళ్ళు వస్తారు, మేస్త్రీ వస్తాడు, ఇంటి ఓనరు వస్తాడు. పచ్చగా ఆ సంచి వేలాడుతుంటే అందరి కళ్ళూ దాని మీదే. ఒక్కడన్నా నా ముఖం చూసి మాట్లాడడే.”

“చూపులు పావుగంట బావా. తర్వాత?”

“తర్వాత మళ్ళీ కిందికి తగిలించాలంటే వంగాలి. పక్కటెముకలు విరిగినవాణ్ణి, ఎలా వంగుతా? ఆయమ్మ ఖాళీ చేసేటప్పుడు కింద పెడుతుంది.”

“కింద పెట్టింది మళ్ళీ పైకెలా వస్తోంది? వంగలేవుగా!”

“వంగక్కర్లా. ట్యూబు పట్టుకుని లాగితే అదే వస్తుంది.”

“ట్యూబు పట్టుకుని లాగుతున్నాడు అక్కా! మూడు రోజులుగా లాగుతున్నాడు!”

“ఇప్పుడా తెలిసింది నీకు? కళ్ళు తెరిస్తే మొన్నే తెలిసేది. ఏమయ్యా, నువ్వు ఏం పని చేస్తావు?”

“తెలిసి అడుగుతావేంటి.”

“చెప్పవయ్యా.”

“ప్లంబర్ని.”

“మన వీధి చివరి లాయరు గారింట్లో బాత్రూము నీళ్ళు లోపలికి తన్నుకొస్తుంటే ఏమని చెప్పావు ఆయనకి?”

“పైపుకి వాలు లేదని చెప్పా.”

“వాలు లేకపోతే ఏమవుతుందన్నావు?”

“బయటికి పోవాల్సిన మురుగు వెనక్కొస్తుందన్నా.”

“మరి నీది?”

“ఇది ఒంట్లోది కదే.”

“ఒంట్లోదైతే నీళ్ళు మెట్లెక్కుతాయా? ఊరందరి పైపులకీ వాలు కొలుస్తావు, నీ పొట్టలోకి నువ్వే మురుగు తోడుకున్నావు!”

“ఆ మాటకొస్తే నాకు మొన్ననే అనుమానమొచ్చింది, జాయింటు దగ్గర ఏదో తేడాగా ఉందని. మంట. పొత్తికడుపులో కూడా బరువుగా ఉంది.”

“మంటా? బావా, నిన్న పొద్దున్న కూడా బ్రహ్మాండం అన్నావు!”

“నువ్వు కళ్ళు మూసుకుని అడిగితే నేను నోరు తెరిచి ఎలా చెప్పను?”

“ఆగండి ఇద్దరూ. ఇంకోటుంది ఈ చీటీలో. ‘ట్యూబు ఇంకా అవసరమా.’ అసలు ఎందుకు పెట్టారే ఇది?”

“నిచ్చెన మీంచి పడి తెలివి లేకుండా వచ్చాడు కదా. నోట్లో గొట్టం వేసి ఊపిరందించాం. అలాంటప్పుడు గంట గంటకీ యూరిన్ ఎంతొస్తోందో కొలవాలి. అందుకు పెట్టారు. అది కరెక్టే అక్కా.”

“కరెక్టే. కాదన్నానా? తెలివెప్పుడొచ్చింది?”

“మూడో రోజు.”

“కుర్చీలో కూచుని నాతో దెబ్బలాడిందెప్పుడు?”

“నాలుగో రోజు.”

“ఇవాళ?”

“ఆరు.”

“కుర్చీలో కూచుని దెబ్బలాడేవాడికి ట్యూబు దేనికి?”

“రౌండ్లో డాక్టరు గారు ‘సేమ్ కంటిన్యూ’ అన్నారు.”

“ఎనిమిది మంచాలకీ కలిపి ఒకేసారి అనుంటాడు, గుమ్మంలో నిలబడి. ‘ఇంకా అవసరమా’ అని రోజూ ఆయన్ని అడగడానికే గదా ఈ గడి పెట్టింది? ‘తీసేద్దామా సార్’ అని ఒక్కమాట అడిగావా?”

“అడగలేదు.”

“ఎందుకు?”

“తీసేస్తే బాటిలివ్వాలి అక్కా.”

“ఏ బాటిలు?”

“మంచం మీదే యూరిన్ పోసుకునే బాటిలు. ట్యూబు తీశాక సొంతంగా పోస్తున్నాడో లేదో కనిపెట్టాలి. గంట గంటకీ వచ్చి ‘బావా, వస్తోందా? బావా, వచ్చిందా?’ అని అడగాలి. పోసింది కొలవాలి.”

“ఇది నన్ను అడుగుతుందట! దానికన్నా ట్యూబే నయం అనుకున్నా నేను.”

“నేనూ అదే అనుకున్నా బావా.”

“ఓహో. ఇద్దరూ మాట్లాడుకునే ఉంచారా దీన్ని?”

“ఛ! మాట్లాడుకోలేదు.”

“మాట్లాడుకోలేదక్కా, ఒట్టు.”

“మాట్లాడుకుని ఉంటే బాగుపడేవాళ్ళు. ‘అవసరమా? అవును.’ ఎవరికే అవసరం? ఆయన పొట్టకా, నీ సిగ్గుకా?”

“సరే సరే, నా వల్లే గొడవైతే దీన్నిప్పుడే పీకేస్తా. పీడా విరగడైపోతుంది.”

“చెయ్యి తియ్యి బావా! తియ్యి! లోపల బుడగుంది!”

“ఏం బుడగ?”

“ట్యూబు జారిపోకుండా లోపల చివర్న బుడగుంటుంది, నీళ్ళతో ఉబ్బించి పెడతారు. సిరంజితో ఆ నీళ్ళు తీశాకే ట్యూబు తీయాలి. అలాగే లాగావో, దారంతా చీరుకుపోయి రక్తం కారుతుంది.”

“ముందే చెప్పొచ్చుగా! నేను మూడు రోజులుగా లాగుతున్నా!”

“నువ్వు లాగుతున్నావని నాకు ముందే చెప్పొచ్చుగా!”

“చాలు! ఏమే, నన్ను చూడకు. నేను చొక్కాలు చూసేదాన్ని, మనుషుల్ని చూడాల్సిందానివి నువ్వు. చూడు.”

“అక్కా, పక్కకి జరుగు. తెర లాగు. ఫోనందుకో, ఆ ఎర్రది. ఇటివ్వు. సార్, మూడో మంచం. జ్వరం నూటొకటి ఎనిమిది, వణుకుతున్నాడు, యూరిన్ తెల్లగా చిక్కగా వస్తోంది, పొత్తికడుపు బరువంటున్నాడు. ట్యూబు పెట్టి ఆరు రోజులు. లేదు సార్, అవసరం లేదు. మూడు రోజుల కిందటే లేదు. నేనే అడగలేదు సార్. అవును, నేనే. సరే సార్. బీపీ బాగానే ఉంది, ఇప్పుడే మళ్ళీ చూస్తా. మీరు రండి సార్. ఫోన్లో కాదు, రండి.”

“ఏమన్నాడు?”

“వస్తున్నారు. ట్యూబు తీసెయ్యమన్నారు. రక్తం శాంపిలు, యూరిన్ శాంపిలు పంపి వెంటనే మందు ఎక్కించమన్నారు.”

“యూరిన్‌కేముంది, సంచిలో బోలెడుంది. కావలసినంత పట్టుకో పొట్టీ.”

“సంచిలోది పనికిరాదు బావా, అది నిలవది. ట్యూబు తీశాక నువ్వు తాజాగా పోసిందే పట్టాలి.”

“అంటే?”

“బాటిలే.”

“పట్టేది ఎవరు? మీసాలాయనేగా?”

“నేనే. చేతులు కడుక్కుని వస్తున్నా. ఇదిగో, గ్లౌజులు. బావా, కళ్ళు మూసుకో.”

“నేనెందుకు మూసుకోవాలి?”

“నువ్వు చూస్తుంటే నాకు సిగ్గు. ఎవరో ఒకళ్ళు మూసుకోవాలి కదా, ఇవాళ నువ్వు మూసుకో.”

“మూసుకున్నా. పొట్టీ, నువ్వు తెరిచావా?”

“తెరిచా. ఎత్తుతున్నా.”

“ఏమే, ఏమైంది? ఎలా ఉంది?”

“ఎర్రగా ఉంది అక్కా. వాచింది. చీము ఉంది కొంచెం. ట్యూబు కదలకుండా తొడకి వేసిన ప్లాస్టరు ఊడి వేలాడుతోంది.”

“ఎప్పుడు ఊడింది?”

“తెలీదు. చూడలేదుగా. నేను చూడనే లేదు అక్కా.”

“ఏడవకు. ఏడిస్తే కళ్ళు కనపడవు. ముందు పని చెయ్యి.”

“నేను కళ్ళు తెరవచ్చా?”

“తెరవకు బావా! గట్టిగా ఊపిరి పీల్చు. సిరంజి పెట్టా, నీళ్ళొస్తున్నాయి. ఆఁ, మొత్తం వచ్చేశాయి. ఇప్పుడు వదులు, మెల్లగా. అమ్మయ్య. అయిపోయింది.”

“అంతేనా? దీనికా ఆరు రోజులు?”

“అంతే బావా. అర నిమిషం పని.”

“అర నిమిషం. ఒసేయ్, విన్నావా? నా దగ్గర పనివాడెవడన్నా అర నిమిషం పనికి ఆరు రోజులు తీసుకుంటే నేనేమనేవాణ్ణి?”

“నువ్వేమీ అనకు. బ్రహ్మాండం బ్రహ్మాండం అంటూ వాలు లేని సంచిని కౌగిలించుకుని పడుకున్నవాడివి. అది కళ్ళు మూసుకుంటే నువ్వు నోరు మూసుకున్నావు. ఈ జ్వరంలో చెరి సగం.”

“చెరి సగమైతే నా సగం తగ్గిపోతుందా పొట్టీ?”

“తగ్గాలి బావా. రక్తం, యూరిన్ శాంపిళ్ళు పట్టగానే మందు ఎక్కిస్తా. రాత్రంతా నేనిక్కడే ఉంటా. డ్యూటీ అయిపోయినా వెళ్ళను. నువ్వు మాత్రం నొప్పుంటే నొప్పని చెప్పు, మంటుంటే మంటని చెప్పు. బ్రహ్మాండం అన్నావో, చంపేస్తా.”

“ఇప్పుడు నొప్పిగా ఉంది.”

“ఆఁ, అలా చెప్పు.”

“చీటీ మాటేమిటే?”

“కొట్టేస్తా అక్కా. ఆరు రోజుల టిక్కులూ కొట్టేసి ‘చూడలేదు’ అని రాసి సంతకం పెడతా.”

“మెమో ఇస్తారుగా?”

“ఇస్తారు.”

“ఇవ్వనీ. తీసుకుని, ఇచ్చినవాణ్ణి నా దగ్గరికి పంపు. ఎనిమిది మంచాలకి ఇద్దర్ని పెట్టి, మంచానికి పదకొండు కాగితాలు పెట్టి, గుమ్మంలోంచి ‘సేమ్ కంటిన్యూ’ అనే దొరల్ని పెట్టి, మెమో నీకొక్కదానికేనా? ఫ్యాక్టరీలో ఒక్క కాలరు వంకరొస్తే లైను మొత్తాన్ని ఆపుతాం మేము. చొక్కాకున్న విలువ మనిషికి లేదా?”

“అరవకు అక్కా, నా మాట విను. నిజంగా సిగ్గు వల్లే అయింది ఇదంతా. బావ కాబట్టి అయింది. పరాయి మనిషైతే ఇలా చేస్తానా నేను? పన్నెండేళ్ళ సర్వీసు నాది.”

“తెలుసులేవే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా నీ సిగ్గు. సరే, ముక్కు తుడుచుకో. నా టైమైపోయినట్టుంది, చేతులు కడుక్కుని పోతా. బేసినెక్కడ?”

“నాలుగో మంచం దాటాక కుడిపక్క. మోచేత్తో తిప్పాలి కుళాయి.”

“ఆ కుళాయి కారుతోందని చెప్పవే వాళ్ళకి, తెలివొచ్చినప్పట్నుంచీ వింటున్నా ఆ చప్పుడు.”

“నువ్వు పడుకోవయ్యా! ఏమే, ఈ నాలుగో మంచం పెద్దాయన కదలడేం?”

“మత్తులో ఉన్నాడు అక్కా. వెంటిలేటర్ మీద. పదకొండు రోజులైంది. ఆ చీటీ ముట్టుకోకు.”

“యూరిన్ ట్యూబు, టిక్కు. మెడ దగ్గర రక్తనాళంలోకి వేసిన ట్యూబు, అదీ టిక్కు. ‘ఎర్రదనం లేదు’, టిక్కు.”

“అక్కా, అది వేరేవాళ్ళది. చదవకూడదు. బయటికి నడు, సెక్యూరిటీ వస్తాడు.”

“రానీ. ఈ చివరి గడి మీద తేదీ రేపటిది కదే?”

“అది... పొద్దున్నే హడావిడిగా ఉంటుందని...”

“రేపు ఈయన మెడ ఎర్రబడదని ఇవాళే తెలిసిపోయిందా నీకు? సంతకం కూడా నీదే. బావ కాబట్టి అన్నావు, సిగ్గన్నావు, నేను నమ్మి నీ ముక్కు తుడవబోయాను. ఈయన నీకు ఏ వరసే? చెప్పకు, నాకు వినాలని లేదు. సబ్బుతో చేతులు కడుక్కునిరా, ఈయన దుప్పటి ఎత్తు, తర్వాత మిగిలిన ఆరూ ఎత్తు, నీ ఇన్‌ఛార్జిని పిలిచి పక్కన నిలబెట్టుకుని మరీ ఎత్తు. ఇవాళ కాదు, ఇప్పుడు!”